యుద్ధ పతకం పొందిన సైనికుడికి రావలసినవి రాబట్టడం ఎలా: ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాల కోసం

పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ, బరంపురం ప్రాంతాల తెలుగు ఇళ్లలో 1965, 1971 యుద్ధాల్లోనో, ఆ తరువాత శ్రీలంకలోనో, కార్గిల్‌లోనో పనిచేసి వచ్చిన పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. ఊళ్లో చాలామందికి వారి అసలు పేరు తెలియదు. ‘మిలటరీ తాత’ అంటే చాలు, ఇల్లు చూపిస్తారు. డిసెంబరు 7న పతాక దినం నాడో, జనవరి 14న మాజీ సైనికుల దినోత్సవం నాడో పిలిచి శాలువా కప్పుతారు. మర్నాటి నుంచి ఆయనకు రావలసిన భత్యం ఏ కార్యాలయంలో ఆగిపోయిందో అడిగే నాథుడు ఉండడు.

దీనికి కారణం జనం కృతజ్ఞత లేనివారు కావడమేనని చాలామంది అంటారు. నేను చూసినంతలో సరిహద్దు ఊళ్ల విషయంలో అది సగం నిజమే. ఇక్కడి సైనికుడి సర్వీసు రికార్డు బెంగళూరులోనో సికింద్రాబాదులోనో ఉంటుంది, పింఛను లెక్క ప్రయాగ్‌రాజ్‌లో ఉంటుంది, ఆధార్ కార్డు ఒడియాలో ఉంటుంది, బడి సర్టిఫికెట్టు తెలుగులో ఉంటుంది, చేరినప్పుడు రాయించిన చిరునామాలో ఇప్పుడు లేని జిల్లా పేరు ఉంటుంది. వీటన్నిటినీ ఒకచోటికి తెచ్చి, ఇవన్నీ ఒకే మనిషివని నిరూపించే ఓపిక ఎనభై ఏళ్ల వృద్ధుడికి ఉండదు. ఆయన మనవడో, ఊరి ఉపాధ్యాయుడో, పక్కింటివారో ఆ పని చేయాలి. ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ క్రమంలో వెళ్లాలో ఈ కింద వివరిస్తున్నాను.

ముందు పెట్టె తెరిచి పతకం ఏదో తేల్చుకోండి

దరఖాస్తుల జోలికి వెళ్లే ముందు ఆ పెద్దాయనతో తీరికగా కూర్చోండి. ఎంతమందిని చంపారని అడగకండి. ఆ ప్రశ్నతో మాట ఆగిపోతుంది. ఏ పల్టన్‌లో చేరారు, ఏ కంపెనీ, ఏ సంవత్సరంలో ఎక్కడ ఉన్నారు, పతకం ఎవరి చేతుల మీదుగా అందుకున్నారు అని అడగండి. మనవల పేర్లు తడబడే వయసులో కూడా చాలామంది తమ ఆర్మీ నంబరును తడుముకోకుండా చెబుతారు. ఆ నంబరును వెంటనే రాసుకోండి, ఎందుకంటే ఇకపై ప్రతి ఉత్తరం దానితోనే మొదలవుతుంది.

తరువాత పతకాలను చూడండి. భారతీయ పతకాల అంచు మీద సాధారణంగా సైనికుడి నంబరు, హోదా, పేరు చెక్కి ఉంటాయి. పతకాన్ని రుద్ది మెరిపించే ప్రయత్నంలో ఆ అక్షరాలను అరగదీయకుండా, మెత్తని గుడ్డతో తుడిచి ఫోటో తీసుకోండి. రిబ్బను రంగులు కూడా పతకాన్ని గుర్తు పట్టిస్తాయి. పరమ వీర చక్ర రిబ్బను పూర్తిగా ఊదా రంగులో ఉంటుంది. మహా వీర చక్రది సగం తెలుపు, సగం నారింజ. వీర చక్రది సగం ముదురు నీలం, సగం నారింజ. యుద్ధభూమిలో కాక ఇతర సందర్భాల్లో చూపిన సాహసానికి ఇచ్చే పురస్కారాల్లో అశోక చక్ర రిబ్బను ఆకుపచ్చ మీద ఒక నారింజ గీతతో, కీర్తి చక్రది రెండు గీతలతో, శౌర్య చక్రది మూడు గీతలతో ఉంటుంది. సేనా మెడల్ రిబ్బను ఎరుపు, మధ్యలో సన్నని తెల్ల గీత.

ఇక్కడే చాలా కుటుంబాలు పొరబడతాయి. పెట్టెలో అయిదారు పతకాలు ఉంటే అన్నిటికీ డబ్బు వస్తుందని కొందరు ఆశపడతారు. దేనికీ రాదని ఇంకొందరు పెట్టె మూసేస్తారు. 1965 నాటి సమర్ సేవా స్టార్, రక్షా మెడల్, 1971 నాటి పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్ వంటివి ఆ యుద్ధకాలంలో సేవ చేసిన వారందరికీ నిబంధనల ప్రకారం ఇచ్చినవి. వాటికి నెలసరి భత్యం లేదు, కానీ ఆయన యుద్ధంలో ఉన్నారనడానికి అవి సాక్ష్యం కనుక పారేయకండి. భత్యం వచ్చేది శౌర్య పురస్కారాలకు మాత్రమే. సేనా మెడల్‌లో కూడా రెండు రకాలు ఉన్నాయి. శౌర్యానికి ఇచ్చిన దానికే భత్యం ఉంటుంది, విశిష్ట సేవకు ఇచ్చిన దానికి ఉండదు. ఇక పెట్టెలో పరాక్రమ పదక్ కనబడితే అది యుద్ధంలో గాయపడినవారికి ఇచ్చే పతకం. దాని భత్యం కోసం వెదకకుండా, ఆయనకు యుద్ధ గాయ పింఛను మంజూరయిందా లేదా అన్నది పరిశీలించాలి.

పతకమే పోయి ఉంటే నిరాశ పడనక్కరలేదు. వానకు తడిసి చెడిపోయినవీ, అప్పు తీర్చలేక తాకట్టు పెట్టినవీ ఉన్నాయి. హక్కు ఆ లోహపు ముక్కలో లేదు, భారత గెజిట్‌లో ఉంది. శౌర్య పురస్కారాలను రాష్ట్రపతి సచివాలయం గెజిట్‌లో ప్రకటిస్తుంది; చక్ర పురస్కారాలు పొందినవారి వివరాలు రక్షణ మంత్రిత్వ శాఖ నడిపే శౌర్య పురస్కారాల వెబ్‌సైటులో కూడా దొరుకుతాయి. ఈ రోజుల్లో శ్రీకాకుళం జిల్లాకు చెందిన మేజర్ మళ్ల రామగోపాల నాయుడుకు 2024లో కీర్తి చక్ర ప్రకటిస్తే గంటల్లో సెల్‌ఫోన్లలో ఊరూరా తెలిసిపోయింది. 1972లో గుణుపురం పక్క పల్లెకు ఒక సిపాయి పతకం సంగతి ఉత్తరం ద్వారా చేరితే చేరినట్టు, లేకపోతే లేనట్టు. అందువల్ల పాత పురస్కారాల విషయంలో గెజిట్ ప్రతిని సంపాదించడం మీ తొలి విజయం అవుతుంది.

పేరు, పుట్టిన తేదీ, జిల్లా: మూడు చిక్కులు

తరువాత డిశ్చార్జి బుక్కును, అంటే సైన్యం నుంచి వచ్చేసేటప్పుడు ఇచ్చిన పుస్తకాన్ని తీయండి. సైన్యం ఈ పుస్తకాన్నే నమ్ముతుంది, మిగతా కాగితాలన్నీ దీనితో సరిపోలాలి. మన ప్రాంతంలో సరిపోలకపోవడానికి ప్రత్యేకమైన కారణాలు ఉన్నాయి.

మొదటిది పేరు. తెలుగువారికి ఇంటిపేరు ముందు ఉంటుంది. ఫౌజీ గుమాస్తా దానిని ఒక పొడి అక్షరం చేసి, అసలు పేరును తనకు వినబడినట్టు రాసుకున్నాడు. అదే మనిషి పేరు ఓటరు జాబితాలో ఒడియాలోకి, అక్కడి నుంచి ఆధార్‌లో ఇంగ్లీషులోకి వెళ్లేసరికి వెంకట కాస్తా బెంకట అయి కూర్చుంటుంది. ఇంటిపేరు చివరికి పోతుంది, అప్పలస్వామి రెండు ముక్కలవుతాడు. ఇటువంటప్పుడు సర్వీసు రికార్డును మార్పించాలని ప్రయత్నించకండి. రిటైరై నలభై ఏళ్లయిన తరువాత అది చాలా కష్టం. డిశ్చార్జి బుక్కులో ఎలా ఉందో ఆధార్‌ను, పాన్‌ను, బ్యాంకు ఖాతాను అక్షరం పొల్లుపోకుండా అలాగే మార్పించండి. అది సాధ్యం కాని చోట ఆ రెండు పేర్లూ ఒకే వ్యక్తివని మెజిస్ట్రేటు ముందు ప్రమాణపత్రం చేయించండి.

రెండవది పుట్టిన తేదీ. ఆధార్ తీసినప్పుడు తేదీ తెలియని వృద్ధులకు జనవరి 1 అని వేసేశారు. ఇక్కడ కూడా డిశ్చార్జి బుక్కులోని తేదీకే ఆధార్‌ను సరిచేయించాలి. ఈ పనిని చిన్నదిగా తీసిపారేయకండి. 80 ఏళ్లు నిండగానే పింఛను 20 శాతం పెరుగుతుంది. 85కు 30, 90కి 40, 95కు 50, 100 ఏళ్లకు 100 శాతం అదనం వస్తుంది. తేదీ తప్పయితే ఈ పెంపు ఆగిపోతుంది. సైనికుడి భార్య విషయంలో ఇది మరీ దారుణం: పాత పింఛను ఉత్తర్వుల్లో చాలామంది భార్యల పుట్టిన తేదీ అసలు రాయనే లేదు కనుక, ఎనభై దాటిన వితంతువులు ఏళ్ల తరబడి పాత మొత్తమే తీసుకుంటున్నారు.

మూడవది జిల్లా. గజపతి జిల్లా 1992 అక్టోబరు 2న గంజాం నుంచి విడిపోయింది. అదే రోజున రాయగడ కోరాపుట్ నుంచి విడిపోయింది. కనుక 1960లలో చేరిన పర్లాకిమిడి మనిషి రికార్డులో గంజాం జిల్లా అనీ, గుణుపురం మనిషి రికార్డులో కోరాపుట్ జిల్లా అనీ ఉంటుంది. 2011లో రాష్ట్రం పేరు ఇంగ్లీషు అక్షరాల్లో కూడా మారింది. ఇక అమ్మమ్మగారి ఊరైన పాతపట్నంలోనో, టెక్కలిలోనో చదువుకుని అక్కడి చిరునామాతో విశాఖపట్నంలో చేరినవారి రికార్డు ఆంధ్రదిగా నమోదై ఉంటుంది, మనిషి మాత్రం పదవీ విరమణ నాటి నుంచి ఒడిశాలో ఉంటాడు. అప్పుడు ఏ రాష్ట్రమూ ఆయనను తనవాడని అనదు. జిల్లా విభజన సంగతి తెలిపే తహసీల్దారు ధ్రువపత్రాన్ని, ప్రస్తుత నివాస ధ్రువపత్రాన్ని తీసుకుని డిశ్చార్జి బుక్కు నకలుతో కలిపి ఉంచండి. తెలుగులో ఉన్న బడి కాగితాలకు, ఒడియాలో ఉన్న భూమి కాగితాలకు నోటరీ సంతకంతో ఇంగ్లీషు అనువాదం చేయించి పెట్టుకోండి. రికార్డు కార్యాలయంలో ఈ రెండు లిపులూ చదవగలవారు ఉంటారని అనుకోకండి.

జిల్లా సైనిక బోర్డు గుమ్మం ఎక్కడం

కాగితాలు కుదిరాక వెళ్లవలసిన మొదటి చోటు, మాజీ సైనికుల సంక్షేమం చూసే జిల్లా సైనిక బోర్డు. గంజాం బోర్డు బరంపురంలో ఉంది. ప్రత్యేకంగా బోర్డు కార్యాలయం లేని జిల్లాల బాధ్యత పొరుగు జిల్లా బోర్డుకు అప్పగించి ఉంటుంది కనుక, మీ జిల్లా ఎవరి కిందకు వస్తుందో కలెక్టరు కార్యాలయంలో కనుక్కోండి. జిల్లా సైనిక బోర్డుకు అధ్యక్షుడు కలెక్టరే. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే, ప్రజల ఫిర్యాదులు వినే రోజున కలెక్టరు చేతికి అర్జీ ఇవ్వడానికి మీరు సంకోచించనక్కరలేదు.

ఆయన పేరు అక్కడ నమోదయి ఉందో లేదో చూడండి. ఆంధ్ర వైపు బోర్డులో నమోదై ఉంటే, అక్కడి నుంచి రికార్డును ఇక్కడికి బదిలీ చేయమని రెండు కార్యాలయాలకూ రాయాలి. మాజీ సైనికుడి గుర్తింపు కార్డు ఇచ్చేది ఈ బోర్డే. కేంద్రీయ సైనిక బోర్డు ఇచ్చే సహాయాలకు దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టినా, జిల్లా బోర్డు పరిశీలించి సిఫారసు చేయనిదే అది భువనేశ్వర్‌లోని రాజ్య సైనిక బోర్డుకు, అక్కడి నుంచి ఢిల్లీకి కదలదు. అందుచేత పని ఆలస్యమయిందని బోర్డు గుమాస్తాతో గొడవపడే ముందు, మీ కాగితాల్లో లోపం ఏమిటో రాతపూర్వకంగా ఇమ్మని మర్యాదగా అడగండి. నోటి మాటగా చెప్పిన అభ్యంతరం వారానికోసారి మారుతుంది. కాగితం మీద రాసినది మారదు.

పింఛను చీటీని వరుసవరుసగా చదవండి

సైనిక పింఛన్లు ఇప్పుడు స్పర్శ్ అనే ఆన్‌లైన్ విధానంలోకి మారాయి. పూర్వం బ్యాంకు లెక్కకట్టి ఇచ్చేది. ఇప్పుడు ప్రయాగ్‌రాజ్‌లోని రక్షణ పింఛన్ల ప్రధాన కంట్రోలర్ కార్యాలయం నేరుగా ఖాతాలో వేస్తుంది. ఈ మార్పిడిలో పాత బ్యాంకు దగ్గర ఉన్న కొన్ని వివరాలు కొత్త విధానంలోకి చేరలేదు. కాబట్టి పాస్‌బుక్కులో పడిన మొత్తాన్ని చూసి సరిపెట్టుకోకుండా, స్పర్శ్ నుంచి నెలవారీ పింఛను చీటీని తీసి, మూల పింఛను, కరువు భత్యం, వైకల్య పింఛను, వయసు పెంపు, పురస్కార భత్యం వేర్వేరుగా ఉన్నాయా అని చూడండి.

2017 ఆగస్టు 1 నుంచి కేంద్ర ప్రభుత్వం పురస్కార భత్యాలను రెట్టింపు చేసింది. ఆ ఉత్తర్వు ప్రకారం పరమ వీర చక్రకు నెలకు 20,000 రూపాయలు, అశోక చక్రకు 12,000, మహా వీర చక్రకు 10,000, కీర్తి చక్రకు 9,000, వీర చక్రకు 7,000, శౌర్య చక్రకు 6,000, శౌర్యానికి ఇచ్చిన సేనా, నౌసేనా, వాయుసేనా మెడళ్లకు 2,000 రావాలి. వీర చక్ర గ్రహీతకు ఇంకా 3,500 మాత్రమే పడుతోందంటే పాత రేటే నడుస్తోందన్నమాట. తేడా మొత్తాన్ని బకాయితో సహా అడగాలి. ఈ వరుసే లేకపోతే, గెజిట్ ప్రతి, డిశ్చార్జి బుక్కులో పురస్కారం నమోదైన పేజీ, పింఛను ఉత్తర్వు జతచేసి ఆయన రెజిమెంటు రికార్డు కార్యాలయానికి రాయండి. మద్రాస్ రెజిమెంటుకు వెల్లింగ్టన్, మద్రాస్ ఇంజినీర్ గ్రూపుకు బెంగళూరు, వాహనాలు, యంత్రాల మరమ్మతు చూసే ఈ.ఎం.ఈ. విభాగానికి సికింద్రాబాద్, బిహార్ రెజిమెంటుకు దానాపూర్, గార్డ్స్‌కు కామ్ఠీ, ఆర్టిలరీకి నాసిక్ రోడ్డు, సిగ్నల్స్‌కు జబల్‌పూర్. దానికి సమాంతరంగా స్పర్శ్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయండి.

గాయపడి వచ్చినవారి చీటీలో ఇంకొకటి చూడాలి. వైకల్యం 20 శాతం లేదా అంతకు మించి ఉందని వైద్య మండలి తేల్చి ఉంటే, 50కి లోపు ఉన్న వైకల్యాన్ని 50గా, 50 నుంచి 75 వరకు ఉన్నదాన్ని 75గా, ఆపైన 100గా లెక్కించే నిబంధన ఉంది. పాత పింఛనుదారుల్లో చాలామందికి ఇది దానంతట అది అందలేదు.

స్పర్శ్‌లోకి వెళ్లాలంటే మొబైలుకు ఓ.టి.పి. వస్తుంది. మన జిల్లాల్లో అసలు తంటా ఇక్కడే: ఖాతాకు జతచేసిన నంబరు సూరత్‌లో మిల్లు పనికి వెళ్లిన మనవడిదో, చెన్నైలో ఉన్న కొడుకుదో అయి ఉంటుంది, వాడు ఈలోగా సిమ్ మార్చేసి ఉంటాడు. ముందుగా నంబరును ఊళ్లోనే ఉండే మనిషిదిగా మార్పించండి. స్పర్శ్ పనులు జనసేవా కేంద్రాల్లో కూడా చేస్తారు. ఏటేటా ఇవ్వవలసిన జీవన ధ్రువపత్రం గడువును గోడ క్యాలెండరులో గుర్తు పెట్టండి. ఒక్క ఏడు తప్పినా పింఛను ఆగుతుంది, పింఛనుతోపాటు భత్యం కూడా ఆగుతుంది. వేలిముద్రలు అరిగిపోయినవారికి ఫోను కెమెరాతో ముఖాన్ని చూపి ఇచ్చే పద్ధతి అందుబాటులో ఉంది. మంచం మీద ఉన్న మనిషిని ఆటోలో కుదిపి తీసుకెళ్లవలసిన అవసరం లేదు.

స్పర్శ్ నుంచి మాట్లాడుతున్నామని ఫోను చేసి ఓ.టి.పి. అడిగేవారు దొంగలు. బకాయిల్లో వాటా అడిగే ఏజెంట్లు దొంగలు కాకపోవచ్చు గానీ, మీరు ఉచితంగా చేసుకోగల పనికే వారు డబ్బు తీసుకుంటారు.

పింఛనే లేని పతక గ్రహీతలు

ఇది అందరూ మరిచిపోయిన వర్గం. ఆ కాలంలో సిపాయిలను కొన్నేళ్లు క్రియాశీల సేవ, కొన్నేళ్లు రిజర్వు (ఇంటి దగ్గర ఉంటూ, పిలిస్తే వెళ్లవలసిన కాలం) అనే ఒప్పందం మీద చేర్చుకునేవారు. ఏడెనిమిదేళ్లు పనిచేసి, ఒక యుద్ధం చూసి, ఇంటి పరిస్థితుల వల్ల త్వరగా వచ్చేసినవారికి పింఛను లేదు. గ్రామంలో అందరూ ‘మిలటరీ పింఛను వస్తుంది కదా’ అని అనుకుంటారు, ఆ అపోహతోనే వారి పేరు వృద్ధాప్య పింఛను జాబితాలో కూడా చేర్చరు.

ఇటువంటివారి విషయంలో మూడు సంగతులు పరిశీలించండి. క్రియాశీల సేవ, రిజర్వు కాలం కలిపి పదిహేనేళ్లు పూర్తయితే రిజర్విస్టు పింఛనుకు అర్హత ఉండవచ్చు. డిశ్చార్జి బుక్కులోని రెండు కాలాలనూ కూడి చూడండి. శౌర్య పురస్కార భత్యం పింఛను మీద ఆధారపడినది కాదు కనుక, పింఛను లేకపోయినా పతక గ్రహీత దానికి అర్హుడే. ఇక 65 ఏళ్లు దాటిన, పింఛను లేని, హవల్దారు వరకు హోదా గల మాజీ సైనికులకు, వారి వితంతువులకు కేంద్రీయ సైనిక బోర్డు నెలనెలా పేదరిక సహాయం ఇస్తుంది. 4,000 రూపాయలుగా ఉన్న ఈ మొత్తాన్ని రక్షణ మంత్రి 2025 అక్టోబరులో 8,000కు పెంచారు. ఆ ఏడాది నవంబరు 1 నుంచి పెట్టిన దరఖాస్తులకు కొత్త రేటు వర్తిస్తుంది. అదే సందర్భంలో పిల్లల చదువుకు నెలకు ఒక్కొక్కరికి 2,000, కుమార్తె వివాహానికి లక్ష రూపాయలు చేశారు. ఇది హక్కుగా వచ్చే పింఛను కాదు, కోరితే ఇచ్చే సహాయం. ‘దేశం కోసం పోరాడి, ఇప్పుడు బీదవాణ్ణని దరఖాస్తు రాయాలా’ అని ఒక పెద్దాయన మొహం తిప్పుకుంటే తప్పుపట్టలేం. ఆ మాటను గౌరవిస్తూనే, ఈ డబ్బు పతాక దినం నాడు జనం ఇచ్చిన చందాలతో నిలిచిన నిధి నుంచి వస్తుందని, ఆయన వంటివారి కోసమే పోగుచేసిందని నెమ్మదిగా చెప్పి చూడండి.

వైద్యం, రైలు, రాష్ట్ర పురస్కారం

పింఛను ఉన్నవారికి ఈ.సి.హెచ్.ఎస్. వైద్య పథకం 2003 ఏప్రిల్ నుంచి ఉంది. 1996కు ముందు రిటైరైనవారు చందా కట్టనక్కరలేదు. పింఛను లేని మాజీ సిపాయికి సాధారణంగా ఇందులో చోటు లేదు, కనుక ఆయనకు ప్రభుత్వ ఆరోగ్య బీమా కార్డు ఉందో లేదో చూసుకోవాలి. బరంపురం దూరమనిపించే రాయగడ వైపు వారు ఈ పథకం కింద ఉన్న విశాఖపట్నం పాలీక్లినిక్‌ను (ఆసుపత్రిని) ఎంచుకోవచ్చు. రాష్ట్రం వేరని ఎవరైనా అభ్యంతరం పెడితే ఇది కేంద్ర పథకమని గుర్తుచేయండి.

పరమ వీర, మహా వీర, వీర, అశోక, కీర్తి, శౌర్య చక్ర గ్రహీతలకు ఒక తోడు మనిషితో సహా రైల్వే ఉచిత ప్రయాణ పాసు ఇస్తుంది. మొదటి మూడు చక్రాల గ్రహీతల పింఛనుకు, కేంద్రం ప్రకటించిన ఇతర శౌర్య పురస్కారాల గ్రహీతల పింఛనుకు ఆదాయపు పన్ను మినహాయింపు కూడా ఉంది.

రాష్ట్ర ప్రభుత్వాలు తమ రాష్ట్రానికి చెందిన గ్రహీతలకు విడిగా నగదు పురస్కారం ఇస్తాయి. సరిహద్దు కుటుంబాలకు ప్రశ్న ఏ రాష్ట్రం అన్నదే. కార్గిల్‌లో 1999లో ప్రాణాలర్పించి మహా వీర చక్ర పొందిన మేజర్ పద్మపాణి ఆచార్య కుటుంబ మూలాలు ఒడిశావి, నివాసం హైదరాబాదు; ఇలా రెండు నేలలకు చెందిన కుటుంబాలు మన వైపు అసాధారణం కాదు. స్వస్థలం ఏదని సైన్యం రికార్డులో ఉందో ముందు చూసి, ఆ రాష్ట్ర సైనిక బోర్డుకే అర్జీ పెట్టండి. రెండు చోట్లా ఒకేసారి పెడితే రెండూ ఆగిపోయే ప్రమాదం ఉంది.

సమాధానం రాకపోతే

ప్రతి ఉత్తరాన్నీ స్పీడ్ పోస్టులో పంపి రశీదును ఫైలులో అంటించండి. సహేతుకమైన కాలం వేచి చూసి, కేంద్ర ప్రభుత్వ ప్రజా ఫిర్యాదుల పోర్టల్‌లో నమోదు చేయండి. ‘న్యాయం చేయగలరు’ అని కాకుండా, ‘ఫలానా ఉత్తర్వు ప్రకారం ఫలానా తేదీ నుంచి ఇంత తేడా రావాలి’ అని రాస్తే జవాబు తప్పించుకోవడం వారికి కష్టం. ఫైలు ఎక్కడుందో తెలియకపోతే పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ముప్పై రోజుల్లో సమాధానం ఇవ్వాలి, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము కూడా లేదు.

అప్పటికీ తేలకపోతే సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది. ఒడిశావారు కోల్‌కతా ధర్మాసనానికి వెళ్లాలి. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పింఛను నిరాకరణ నెలనెలా కొనసాగే అన్యాయం కనుక ఎన్నేళ్లయినా కేసు వేయవచ్చు, కానీ బకాయిలు మాత్రం సాధారణంగా కేసు వేసిన తేదీకి ముందు మూడేళ్లకే పరిమితమని 2008లో తర్సేం సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఈ ఏడాది వేయని కేసు వల్ల ఒక ఏడాది బకాయి పోతుంది. వకీలును పెట్టుకునే స్తోమత లేనివారు జిల్లా న్యాయసేవల సంస్థను అడగండి. 2025 జులైలో జాతీయ న్యాయసేవల సంస్థ వీర్ పరివార్ సహాయతా యోజనను ప్రారంభించింది. దాని కింద సైనిక బోర్డుల దగ్గరే న్యాయ సహాయ కేంద్రాలు పెట్టాలన్నది ఉద్దేశం. బోర్డుకు వెళ్లినప్పుడు అది తెరిచారో లేదో కనుక్కోండి.

ఆయన తరువాత ఆమె

ఈ పనులన్నిటిలోకీ ముఖ్యమైనది, ఆయన బతికి ఉండగానే చేయవలసినది ఇది. పింఛను ఉత్తర్వులో భార్య పేరు, పుట్టిన తేదీ ఉన్నాయో లేదో చూడండి. మన వైపు మేనరికపు పెళ్లిళ్లు చిన్న వయసులో, ఏ రిజిస్ట్రేషనూ లేకుండా జరిగేవి. ఆయన సెలవులో వచ్చి పెళ్లి చేసుకుని తిరిగి వెళ్లి యూనిట్‌లో చెప్పకపోతే, సైన్యం దృష్టిలో ఆయన అవివాహితుడే. మొదటి భార్య పోయి రెండో పెళ్లి రిటైరైన తరువాత జరిగిన చోట్ల కూడా ఇదే ఇబ్బంది. ఇద్దరి సంతకాలతో, ఇద్దరూ కలిసి ఉన్న ఫోటోతో, సర్పంచి, తహసీల్దారు ధ్రువీకరణలతో రికార్డు కార్యాలయానికి రాసి, భార్య పేరు మీద కుటుంబ పింఛను ఉత్తర్వు తెప్పించండి. ఆయన పోయిన తరువాత ఇదే పని చేయాలంటే సాక్షులు ఉండరు, ఆయన సంతకం ఉండదు. వైకల్యం గల బిడ్డ, వితంతువైన లేదా విడాకులు పొందిన కుమార్తె ఆయన మీదే ఆధారపడి ఉంటే వారి వివరాలు కూడా ఇప్పుడే చేర్పించండి.

ఆయన మరణిస్తే సైనిక బోర్డుకు, సమీప సైనిక కేంద్రానికి వెంటనే తెలియజేయండి. అంత్యక్రియలకు పతాకం, పుష్పగుచ్ఛం అడగడానికి మొహమాటపడవద్దు. పంచాయతీ నుంచి మరణ ధ్రువపత్రం తీసుకుని స్పర్శ్‌లో నమోదు చేయండి. ఆయన ఖాతాలో ఆ తరువాత పడిన డబ్బును తీయకండి, అది తరువాత వసూలు చేస్తారు. శౌర్య పురస్కార భత్యం భర్తతో పోదు, భార్యకు జీవితాంతం వస్తుంది. పూర్వం మరిదిని పెళ్లాడితేనే పునర్వివాహం తరువాత ఈ భత్యం కొనసాగేది. 2017 నవంబరులో ఆ షరతును తొలగించారు, కాబట్టి ఆమె ఎవరిని పెళ్లాడినా భత్యం ఆగదు. కుటుంబ పింఛను మంజూరయిన మొదటి నెల చీటీలోనే ఈ వరుస ఉందేమో చూడండి. లేకపోతే భర్త పేరున ఉన్న పురస్కార ఉత్తర్వు, కుటుంబ పింఛను ఉత్తర్వు రెండిటి నకళ్లతో అదే వారం రికార్డు కార్యాలయానికి రాయండి, ఒక నకలును ఆమె దగ్గరే ఉంచండి.